వలస స్త్రీకి ఓటున్న ఊరేది?

ఎన్నికలు అయిపోయిన ప్రతిసారీ ఓ లెక్క బయటికొస్తుంది. ఇంతమంది ఓటేశారు, ఇంతమంది వెయ్యలేదు అని. ఆ వెనకే వెయ్యనివాళ్లకు నీతిబోధ మొదలవుతుంది. వాళ్లకు బాధ్యత లేదంటారు, చైతన్యం లేదంటారు. ఓటు వెయ్యనివాళ్లకు నీళ్లు రావడంలేదనీ, రేషను అందడంలేదనీ అడిగే హక్కు లేదంటారు. ఈ మాటలు పత్రికల్లోనే కాదు, మన సమావేశాల్లోనూ వింటున్నాను. ఎన్నికలముందు ఓటరు చైతన్యం పేరుతో మన సంస్థలు కూడా ఊరేగింపులు, ముగ్గుల పోటీలు, ప్రతిజ్ఞలు జరుపుతున్నాయి.

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో, కాయల కొట్లలో పనిచేసే ఆడవాళ్ల మధ్య కొన్నేళ్లుగా తిరుగుతున్నదాన్ని కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పదలుచుకున్నాను. వలస వచ్చిన స్త్రీ ఓటు వెయ్యకపోవడానికి చైతన్యం లేకపోవడం కారణం కాదు. మన దేశంలో ఓటు హక్కును ఇంటికి ముడిపెట్టారు. ఇల్లు ఒకేచోట ఉంటుందనీ, ఆ ఇంట్లో మనిషి ఎప్పుడు వెళ్లినా దొరుకుతుందనీ అనుకుని చేసిన ఏర్పాటు ఇది. బతుకుతెరువుకోసం ఊళ్లు మారే స్త్రీకి, తనదంటూ ఇల్లే లేని స్త్రీకి ఇందులో చోటు దొరకడం కష్టం. ఈ సంగతి గుర్తించకుండా ఎన్ని ప్రతిజ్ఞలు చేయించినా ప్రయోజనం లేదు.

ముందు అంకెలు చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తంమీద పోలైన ఓట్లు దాదాపు 66 శాతం. ఆడవాళ్లలో 65.78 శాతం, మగవాళ్లలో 65.55 శాతం ఓటేశారు. 2019లోనూ ఆడవాళ్ల శాతమే కాస్త ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2024లో దాదాపు 82 శాతం ఓట్లు పోలయ్యాయి. కాబట్టి ఆడవాళ్లకు ఓటు విలువ తెలియదన్న పాత మాట ఇక చెల్లదు. మరి వెయ్యనివాళ్లు ఎవరు? 2019లో 30 కోట్లకు పైగా ఓటర్లు ఓటు వెయ్యలేదనీ, దీనికి దేశంలోపలి వలసలు ఒక ముఖ్య కారణమనీ 2022 డిసెంబరులో ఎన్నికల సంఘమే ఒప్పుకుంది. అంటే ఉన్నచోట ఉన్నవాళ్లు ఓటేస్తున్నారు, కదిలినవాళ్లు జారిపోతున్నారు.

కాపు కాలం, ఓటు కాలం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఇటు రెడ్డిగూడెం, విస్సన్నపేట. ఈ మండలాల్లో మామిడి ఒక పంట మాత్రమే కాదు, ఏడాది లెక్కంతా దానిమీదే నడుస్తుంది. పూత దశనుంచే వ్యాపారులు తోటల్ని కొంటారు. కొన్న తోటకు కాపలా కావాలి. యానాది కుటుంబాలు, ఇతర పేద కుటుంబాలు పక్క మండలాలనుంచి, పక్క జిల్లాలనుంచి వచ్చి తోటలో పాక వేసుకుంటారు. కాపలా మొగుడి పేరుమీద ఉంటుంది. కోతుల్ని తోలడం, రాలిన కాయలు ఏరడం, చెట్లకు నీళ్లు పెట్టడం పెళ్లాం, పిల్లలు చేస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి కోతలు. మగవాళ్లు చిక్కాలతో కాయ దింపుతారు. ఆడవాళ్లు గంపలు మోస్తారు, కాయను రకాలవారీగా ఏరుతారు, వరిగడ్డి పరిచి పెట్టెల్లో సర్దుతారు. సొన తగిలి చేతులు పొక్కిపోతాయి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ కాయ ఒకదాని వెనక ఒకటి వచ్చి, జూన్‌తో సరి. తర్వాత వాళ్లు మరో పనికి మరో ఊరు వెళ్లిపోతారు.

ఇప్పుడు ఎన్నికల తేదీలు చూడండి. 2004లో మన రాష్ట్రంలో ఏప్రిల్ 20, 26. 2009లో ఏప్రిల్ 16, 23. 2014లో ఈ ప్రాంతానికి మే 7. 2019లో ఏప్రిల్ 11. 2024లో మే 13. వరసగా అయిదు ఎన్నికలూ మామిడి కోతల్లోనే వచ్చాయి. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. పరీక్షలు, వానలు, భద్రతా దళాలు అన్నీ చూసుకుని తేదీ పెడతారు. కానీ కూలీల పని కాలం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

ఓటు సొంత ఊళ్లో ఉన్న మనిషికి దీని అర్థమేమిటి? వెళ్లడానికి ఒక రోజు, ఓటుకు ఒక రోజు, తిరిగి రావడానికి ఒక రోజు. భార్యాభర్తలిద్దరికీ మూడేసి రోజుల కూలి పోతుంది. పైన బస్సు ఛార్జీలు. కాయ చెట్టుమీద ఆగదు కాబట్టి వాళ్ల స్థానంలో వేరేవాళ్లు వస్తారు. తిరిగి వచ్చేసరికి పని ఉంటుందన్న నమ్మకం లేదు. తోటలో ఒకరు తప్పనిసరిగా ఉండాలంటే ఎవరు ఉంటారు? చాలాసార్లు మొగుడు ఓటుకు వెళతాడు. ఆమె కాపలాకు, పిల్లలకు ఉండిపోతుంది.

పోలింగు రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టం ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 135-బి సెక్షను, రోజుకూలీలకు కూడా ఆ రోజు కూలి ఇవ్వాలంటుంది. పనిచేసే చోటు వేరే నియోజకవర్గంలో ఉన్నా ఈ సెలవు వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెప్పింది. అయితే ఉల్లంఘించిన యజమానికి పడే జరిమానా 500 రూపాయల వరకే. పైగా, ఆ మనిషి రాకపోతే పనికి గణనీయమైన నష్టం వస్తుందంటే సెలవు ఇవ్వనక్కర్లేదని అందులోనే ఒక మినహాయింపు ఉంది. కాయ మాగిపోతుందనే యజమానికి ఈ ఒక్క వాక్యం చాలు. అన్నీ కలిసొచ్చినా ఒక్క రోజు సెలవుతో ఏ వలస కూలీ ఊరు వెళ్లి రాగలదు?

పేరు ఎక్కడుంది?

ఒక తోటలో ఒకామె నాతో అన్న మాట ఇది. "ఇక్కడ అడిగితే మీ ఊళ్లో ఉంటది పొమ్మంటారు. ఊరెళ్లి అడిగితే మీరిక్కడ ఉండట్లేదుగా, తీసేశామంటారు. మరి మేం ఎక్కడున్నట్టక్కా?" ఓటరు జాబితాలోని చిక్కంతా ఆ ప్రశ్నలో ఉంది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 ప్రకారం ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయి ఉండాలి. ఒక్కచోటే నమోదు కావాలి. ఇదే చట్టంలో 20వ సెక్షను మరో మాట కూడా చెబుతుంది. తాత్కాలికంగా ఊళ్లో లేనంతమాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోదు. అంటే కోతలకు పోయిన మనిషి పేరును ఊళ్లో లేదన్న కారణంతో తీసెయ్యడం చట్టం ఒప్పుకునే పని కాదు. పేరు తీసేముందు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఢిల్లీ, బొంబాయి మురికివాడల్లో పేదవాళ్లను మూకుమ్మడిగా పౌరసత్వం రుజువు చేసుకోమన్నప్పుడు, జాబితాలో అప్పటికే ఉన్న పేరును సరైన విచారణ లేకుండా తీయకూడదని సుప్రీంకోర్టు 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో చెప్పింది.

ఆచరణ వేరు. బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చే రోజున ఇల్లు తాళం వేసి ఉంటుంది. పక్కింటివాళ్లను అడుగుతారు. 'ఎక్కడికో పోయారు' అంటారు. 'వలస వెళ్లారు' అని రాసుకుంటారు. నోటీసు ఆ తాళం వేసిన ఇంటికే వస్తుంది. 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితానుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. అందులో సుమారు 36 లక్షలు శాశ్వతంగా వెళ్లిపోయారని లేదా దొరకలేదని తీసేసినవి. వలస కూలీలు పుష్కలంగా ఉన్న రాష్ట్రంలో, బయటికి పోయేవాళ్లలో మగవాళ్లే ఎక్కువైన రాష్ట్రంలో, తీసేసినవారిలో ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారు. ఎందుకు?

పెళ్లి కూడా వలసే

వలస అనగానే మనకు మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని రైలెక్కే కుటుంబం గుర్తొస్తుంది. జనగణన లెక్కల్లో పుట్టిన చోటు వదిలి వెళ్లిన ప్రతి మనిషీ వలస మనిషే. 2011 జనగణనలో అలాంటివారు 45 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్లు. ఆడవాళ్ల వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి. ఈ దేశంలో అతి పెద్ద వలస అత్తవారింటికి జరుగుతోంది. దాన్ని మనం వలస అని పిలవం. పిలవం కాబట్టి ఓటు విషయంలో దాని ఫలితాలూ చూడం.

పెళ్లయిన ఏడాదికే పుట్టింటి జాబితాలో పేరు కొట్టేస్తారు. 'ఆడపిల్ల పెళ్లయి వెళ్లిపోయింది' అని అన్నగారో తండ్రో చెబితే చాలు. అత్తవారి ఊళ్లో పేరు ఎక్కాలంటే చిరునామా రుజువు కావాలి. కరెంటు బిల్లు మామగారి పేరున, ఇంటి పన్ను రసీదు మొగుడి పేరున ఉంటుంది. ఇంటిపేరు మారింది, ఆధార్‌లో మారలేదు. మొగుడు తోటల వెంట తిరిగే మనిషి అయితే ఆ కాగితం కూడా ఉండదు. అతను వదిలేసి వెళ్లిపోతే, లేదా ఆమే ఆ కొట్టుడు భరించలేక బయటికొస్తే, ఆమెకు ఏ ఊళ్లోనూ ఓటు లేదు. బీహారు సవరణలో, 2003 జాబితాలో పేరు లేనివారు తల్లిదండ్రుల పేర్లు ఆ జాబితాలో చూపిస్తే కొంత వెసులుబాటు వచ్చేది. అంటే పెళ్లయి వచ్చిన స్త్రీ పుట్టింటి కాగితాలు వెతుక్కోవాలి. ఇదే సవరణ 2025 నవంబరులో మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైంది.

ఇది కొత్త సంగతి కాదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలకు జాబితా తయారుచేసినప్పుడు ఎంతోమంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాయించుకున్నారు. సొంత పేరు ఇవ్వనందుకు దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితానుంచి తీసేశారు. అలాగే, సైన్యంలో పనిచేసే మగవాడి భార్యకు అతనితోపాటు సర్వీసు ఓటరుగా నమోదయ్యే వీలుండేది గానీ, సైన్యంలో పనిచేసే స్త్రీ భర్తకు ఆ వీలు లేదు. 2021లో చట్టం సవరించాకే 'భార్య' అన్న మాట పోయి 'జీవిత భాగస్వామి' అన్న అర్థంవచ్చే మాట వచ్చింది. స్త్రీ మగవాడి వెంట వెళ్లే మనిషి అన్న ఊహ చట్టంలో అంతకాలం నిలబడి ఉంది.

ఓటు ఉండీ వెయ్యనివాళ్లు

ఇంతవరకు చెప్పింది వెయ్యాలనుకున్నా వెయ్యలేనివాళ్ల గురించి. ఓటు ఉండీ, బూత్ దగ్గరలోనే ఉండీ వెయ్యనివాళ్లు కూడా ఉన్నారు. ఎప్పుడో వలస వచ్చి ఊరి చివర స్థిరపడి, పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు అవి. వీళ్ల విషయంలో మన చైతన్య పాఠం పనికొస్తుందేమో అనుకుంటాం. నాకు అలా అనిపించడం లేదు.

వాళ్లు చెప్పే మొదటి కారణం భయం. ఓటు రహస్యమే. కానీ లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది, ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో బయటికొస్తుంది. ఒక బూత్ పరిధిలో వీళ్లవి నలభై, యాభై ఇళ్లే అయితే ఊరి పెద్దలకు అంచనా కట్టడం పెద్ద పని కాదు. తోట ఒక పార్టీవాళ్లది, కాయల కొట్టు మరో పార్టీవాళ్లది. ఎవరికి వేసినా రెండోవాళ్లు పనికి పిలవరేమో. అలాంటప్పుడు ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోవడమే క్షేమం. దీన్ని ఉదాసీనత అంటామా? చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం వాడాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ కూడా 2015లో అదే సిఫారసు చేసింది. అది అమలుకు రాలేదు.

రెండో కారణం, వాళ్లను ఇంకా 'వచ్చినవాళ్లు' అనే చూడటం. ముప్ఫై ఏళ్లయినా ఇంటి స్థలం పట్టా అడిగితే మీ ఊళ్లో అడుక్కోమంటారు. నీళ్ల ట్యాంకు ఊరి నడుమే కడతారు. ఏ పార్టీ అభ్యర్థీ కాపలా కూలి గురించి, తోటల్లోని పాకల గురించి, వలస కుటుంబాల పిల్లల బడి గురించి మాట్లాడడు. జర్మనీ వంటి దేశాల్లో వలస నేపథ్యమున్న పౌరులు ఓటింగులో మిగతావాళ్లకన్నా వెనకబడి ఉంటున్నారని అక్కడి పరిశోధకులు చెబుతారు. వాళ్లు వేరే దేశంనుంచి వెళ్లినవాళ్లు. మనవాళ్లు పక్క మండలంనుంచి వచ్చినవాళ్లు. అయినా ఆ పరాయితనం ఒక్కటే.

మూడోది డబ్బు. 2024 మేలో హైదరాబాదునుంచి విజయవాడ దారి కార్లతో, బస్సులతో కిక్కిరిసిపోయింది. ఆంధ్రా ఓటర్లు ఇళ్లకు వస్తున్నారని పత్రికలు రాశాయి. మంచిదే. అందులో సొంత ఖర్చుతో వచ్చినవాళ్లూ ఉన్నారు, పార్టీలు టిక్కెట్లు కొంటే వచ్చినవాళ్లూ ఉన్నారు. పేదవాళ్ల వరకు చూస్తే, ఎవరో ఖర్చు పెట్టుకుంటే తప్ప ఓటు వెయ్యలేని మనిషి ఓటు ఆ ఖర్చు పెట్టినవాడిదే అవుతుంది. మన రాష్ట్రంలో పోలింగు శాతం చూసి పొంగిపోయేముందు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

సాధ్యం కాదన్న మాట

ఉన్నచోటనే ఓటు వేయించడం సాధ్యం కాదని అధికారులు అంటారు. సైనికులకు పోస్టల్ ఓటు ఉంది. కాశ్మీరునుంచి తరిమివేతకు గురైనవారు జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీలలో ఏర్పాటుచేసిన ప్రత్యేక బూత్‌లలో తమ ఊరి అభ్యర్థులకు ఓటు వేస్తున్నారు. త్రిపుర శిబిరాల్లో ఉన్న బ్రూ తెగవారికి మిజోరం ఎన్నికల్లో ఓటు వేసే ఏర్పాటు చేశారు. 2024లో 85 ఏళ్లు దాటినవారికి ఇంటివద్దనే ఓటు వేసే వీలిచ్చారు. అనుకుంటే మార్గం దొరుకుతుందనడానికి ఇవన్నీ సాక్ష్యాలు. ఇల్లు తగలబడి పారిపోయినవారిని నిర్వాసితులంటాం. కరువుకూ అప్పుకూ భయపడి ఊరు వదిలినవాళ్లు మాత్రం ఇష్టపడి పోయినవాళ్లా?

వలస ఓటర్లకోసం ఒకేచోట 72 నియోజకవర్గాల ఓట్లు నమోదుచేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరి 16న పార్టీల ముందు పెట్టబోయింది. చాలా ప్రతిపక్షాలు వ్యతిరేకించాయి. వలస ఓటరు అంటే ఎవరు, దూరపు బూత్‌లో ఏజెంట్లు ఎలా ఉంటారు అన్న వాళ్ల ప్రశ్నలు కొట్టిపారేయదగ్గవి కావు. కానీ ఆ ప్రశ్నలకు జవాబు వెతకాలన్న పట్టుదల ఏ పక్షానికీ కనిపించలేదు. 2024 ఎన్నికల్లో ఆ యంత్రం వాడలేదు. గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లిన గోదావరి, కడప స్త్రీల సంగతీ అంతే. 2010 సవరణతో విదేశాల్లో ఉన్నవారికి ఓటు నమోదు హక్కు వచ్చింది గానీ, ఓటు వేయడానికి స్వయంగా ఊరికి రావాలి. పాస్‌పోర్టు కూడా యజమాని దగ్గర ఉండే పనిమనిషికి అది ఏం హక్కు?

మనం చెయ్యదగ్గది

1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది, 1995 జనవరిలో చట్టమై వచ్చింది. తర్వాత రెండేళ్లకే దాన్ని ఎత్తేశారన్నది వేరే సంగతి. ఆ స్త్రీల మాట పార్టీలు వినడానికి ఒక కారణం, వాళ్లు ఒకే ఊళ్లో ఉన్నారు, కలిసి ఉన్నారు, వాళ్లకు ఓట్లున్నాయి. వలస స్త్రీకి ఈ మూడూ లేవు. అందుకే ఆమె సమస్య ఏ ఎన్నికల ప్రణాళికలోకీ ఎక్కదు. అందుకే ఓటు ఆమెకు చిన్న విషయం కాదు.

చట్టాలు మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మన పని ఎన్నికల నెలలో కాదు, కోతలు అయిపోయి వాళ్లు ఊళ్లు చేరే జూన్, జూలైలలో మొదలవ్వాలి. 2022నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. కొత్తగా నమోదుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. ఫారం 8 ఇస్తే పాతచోట పేరు తీసి కొత్తచోట చేరుస్తారు కాబట్టి రెండు ఓట్లన్న అనుమానం రాదు. ఏ ఊళ్లో ఓటు ఉంచుకోవాలో ఆమే నిర్ణయించుకోవాలి. మొగుడి కాగితంతోపాటు ఆమె కాగితం కూడా కట్టకట్టి ఇవ్వడం మనం మానుకోవాలి.

ఇల్లు లేనివారి విషయంలో చిరునామా పత్రం అడగకూడదనీ, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి ఆ మనిషి అక్కడ నిద్రిస్తున్నదీ లేనిదీ చూసుకుంటే చాలనీ ఎన్నికల సంఘం నియమాల్లోనే ఉంది. తోట పాకలో ఉండే కుటుంబానికి ఇదే నియమం వర్తింపజేయమని రాతపూర్వకంగా అడుగుదాం. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు తొలగించిన పేర్లు చదివి వినిపిద్దాం. నోటీసు లేకుండా తీసిన ప్రతి పేరుకూ అభ్యంతరం పెడదాం. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి పేరు చేర్పించేదాకా వదలొద్దు. పోలింగు ముందు వ్యాపారుల సంఘాలతో మాట్లాడి ఆ రోజు కాయల కొట్లు మూయించాలి, కాపలాకు మగవాళ్లే ఉండిపోయే వంతు కూడా పెట్టించాలి. సంతకాలు సేకరించి, పని కాలంలో ఎన్నికలు పెట్టేటట్టయితే పనిచేసే చోటనే ఓటు వేయించే బాధ్యత ఎన్నికల సంఘానిదని అడగాలి.

ఇవన్నీ చేశాక కూడా ఒకామె 'నేను వెయ్యను, నాకు ఎవరిమీదా నమ్మకం లేదు' అంటే ఆ మాటకు విలువ ఉంది. అది ఆమె తీసుకున్న నిర్ణయం. అంతవరకు ఆమె వెయ్యలేదని అనడానికి మనకు హక్కు లేదు. ఈసారి ఓటరు చైతన్యం సమావేశం పెట్టేముందు, మీ పరిధిలోని తోటల్లో, ఇటుక బట్టీల్లో, చేపల చెరువులమీద ఉన్న ఆడవాళ్ల పేర్లు రాసుకుని, అవి ఏ ఊరి జాబితాలో ఉన్నాయో చూడండి. దొరకని పేర్లతోనే మన పని మొదలుపెడదాం.